పాత బెల్జియం బ్రౌనింగ్ బి.ఎ.ఆర్. రైఫిల్ కొనేముందు ఏమేమి పరిశీలించాలి?

ఆస్టిన్ తెలుగువాడు (టెక్సాస్)

సభ్యులందరికీ నమస్కారం. హిల్ కంట్రీలో దుప్పుల వేటకు నేను ఇన్నాళ్ళూ బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ బోల్ట్‌ను చేత్తో తిప్పవలసిన) రైఫిల్‌నే వాడుతూ వచ్చాను. ఇప్పుడు మా ఊరి దుకాణంలో .30-06 తూటాకు తయారైన పాత బ్రౌనింగ్ బి.ఎ.ఆర్. ఒకటి అమ్మకానికి వచ్చింది. బ్యారెల్ మీద బెల్జియంలో తయారైనట్టు ముద్ర ఉంది. రిసీవర్ (బోల్ట్ కదిలే నడిమి భాగం) ఉక్కుది, దాని మీద తీగల నగిషీ ఉంది, వాల్‌నట్ కొయ్య మెరుపు ఏమాత్రం తగ్గలేదు. దుకాణదారు 1,250 డాలర్లు అడుగుతున్నాడు. అడవి పందుల గుంపు ఎదురైనప్పుడు రెండో గురి త్వరగా కుదరాలన్నది నా మొదటి అవసరం. దక్షిణ టెక్సాస్‌లో మనుబోతుల వేటకు వెళ్ళాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. ఈ రెంటికీ ఇది సరిపోతుందా? చూడటానికి ఇంత బాగున్న రైఫిల్ లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి ఏ క్రమంలో పరీక్షించాలి?

తుల్సా (ఓక్లహోమా)

ఆస్టిన్ గారూ, నేను తుపాకుల మరమ్మతు దుకాణంలో పనిచేస్తాను. ఈ రైఫిళ్ళు మా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి కాబట్టి కొంత వివరంగా చెబుతాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. బి.ఎ.ఆర్. (బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిల్) అనే పేరుతోనే ఉన్న 1918 నాటి సైనిక ఆయుధానికీ దీనికీ పేరులోని మూడక్షరాలే ఉమ్మడి, యంత్రాంగంలో ఏ పోలికా లేదు. మీరు చూసినది జాన్ మోజెస్ బ్రౌనింగ్ మనవడు బ్రూస్ బ్రౌనింగ్ రూపొందించిన వేట రైఫిల్. ఇది 1967లో మార్కెట్లోకి వచ్చింది. బెల్జియంలోని హెర్స్టాల్‌లో ఉన్న ఎఫ్.ఎన్. కర్మాగారం దీన్ని తయారు చేసింది. తరువాతి కాలంలో విడిభాగాలు బెల్జియంలో తయారుచేసి పోర్చుగల్‌లో కూర్చడం మొదలుపెట్టారు. బ్యారెల్ మీద ఆ రెండు దేశాల పేర్లూ ఉంటే అది తరువాతి కాలపు రైఫిల్ అని అర్థం. 1970ల మధ్యకాలం నుంచి సీరియల్ సంఖ్యలో తయారీ సంవత్సరాన్ని రెండు అక్షరాల్లో సూచించారు. అందులో ఆర్ అంటే 7, పి అంటే 8. 137 తరువాత ఆర్, పి అని ఉంటే అది 1978లో తయారైన బి.ఎ.ఆర్. అన్నమాట.

ఇక పనితీరు. గుండు బ్యారెల్‌లో ఒక చిన్న రంధ్రాన్ని దాటగానే వాయువులో కొంత భాగం కిందనున్న పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. ఆ కదలిక ముందు కొయ్యలో దాగిన బరువైన దిమ్మకు, దానినుంచి కడ్డీల ద్వారా బోల్ట్‌కు చేరుతుంది. బోల్ట్ తల ఏడు పళ్ళతో నేరుగా బ్యారెల్ వెనుక భాగంలోకి తిరిగి బిగుసుకుంటుంది కాబట్టి పేలుడు భారం రిసీవర్ గోడల మీద పడదు. సెమీ ఆటోమేటిక్ (కాల్చాక మరో తూటా తనంతట తానే ఎక్కే రకం) అయినా ఇది బోల్ట్ యాక్షన్‌తో పోటీపడేంత కచ్చితంగా కాల్చడానికి, దశాబ్దాలు వాడినా యంత్రాంగం చెక్కుచెదరకపోవడానికి ఆ ఏడు పళ్ళే ముఖ్య కారణమని నా నమ్మకం.

దుకాణంలో మీరు చేయవలసిన మొదటి పని ముందు కొయ్యను విప్పించడం. చివరనున్న ఒక్క మరను తీస్తే అది ఊడివస్తుంది. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. పిస్టన్ మీద గట్టిపడిన మసి ఎంత ఉంది, కడ్డీలు వంగాయా, బ్యారెల్ అడుగున తుప్పు గుంటలు ఉన్నాయా అన్నవి మీ కళ్ళతో చూడండి. మసి ఒక్కటే అయితే భయపడనక్కరలేదు, శుభ్రం చేస్తే పోతుంది. కానీ అంత మసి పేరుకుందంటే పాత యజమాని ముందు కొయ్యను ఎన్నడూ విప్పలేదని అర్థం, కనుక మిగిలిన భాగాలను మరింత అనుమానంగా చూడాలి.

పాత కొయ్య (ఒహాయో)

తుల్సా గారు లోహం గురించి చెప్పారు, నేను కలప గురించి చెబుతాను. ఈ రైఫిల్ విషయంలో కలపే లోహాన్ని తినేసిన సందర్భాలు ఉన్నాయి.

1960ల చివర నుంచి 1970ల తొలి సంవత్సరాల వరకు బ్రౌనింగ్ సంస్థ వాడిన వాల్‌నట్‌లో కొంత భాగాన్ని త్వరగా ఆరబెట్టడానికి ఉప్పుతో శుద్ధి చేశారు. ఆ ఉప్పు కలపలోనే నిలిచిపోయి, గాలిలోని తేమను పీల్చి, తనకు తగిలిన ఉక్కును లోపలినుంచి తుప్పు పట్టించింది. పైకి ఉక్కు మీది నీలిరంగు పూత నిగనిగలాడుతూ ఉంటుంది, కొయ్య తీస్తే కింద గుంటలు కనిపిస్తాయి. సేకరణ చేసేవారు దీన్ని సాల్ట్ వుడ్ అని పిలుస్తారు, ఆ పేరు వినగానే ధర బాగా తగ్గిపోతుంది.

స్టాక్ (భుజానికి ఆనించే కొయ్య) చివరనున్న పలక మరలు రెండూ తీసి చూడండి. ఎన్నేళ్ళు గడిచినా ఆ మరల కాండం శుభ్రంగా ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. ఎర్రని తుప్పు పొడి రాలినా, మర సగం తినేసినట్టు ఉన్నా అనుమానించాలి. పలక తీసినచోట రంగు వేయని పచ్చి కలప బయటపడుతుంది. దాని మీద ఒక శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక చుక్క వేస్తే, ఉప్పు ఉన్న కలపపై ఆ చుక్క పాలలా తెల్లబడుతుంది. చేతి మీద పడితే మచ్చ పోవడానికి చాలా రోజులు పడుతుంది, తొడుగు వేసుకోండి. కలప, లోహం కలిసే అంచు వెంట సన్నని తుప్పు గీత ఉందేమో కూడా వెలుతురులో చూడండి.

మీ రైఫిల్ సంవత్సరం 1976 తరువాతిది అయితే ఈ ప్రమాదం తక్కువే. అయినా మరలు తీసి చూడటానికి పట్టేది ఐదు నిమిషాలే కాబట్టి ఆ పని మానకండి.

పెన్సిల్వేనియా అడవి

నాది కొంత భిన్నాభిప్రాయం. అంత ధర పెట్టగలిగినప్పుడు ఇదే రైఫిల్‌లో కొత్త రకమైన మార్క్ 3 కొనడం మంచిది కదా? షార్ట్‌ట్రాక్, లాంగ్‌ట్రాక్ వంటి తరువాతి రకాల్లో తేలికైన మిశ్రమలోహపు రిసీవర్ ఉంది. భుజాన వేసుకుని రోజంతా గుట్టలెక్కేవారికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. 1993లో మార్క్ 2 వచ్చాక వాయువు వ్యవస్థ మెరుగుపడింది, బోల్ట్‌ను విడిచే మీట కూడా చేరింది. పాత రకంలో అది లేదు.

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళ మీద నా అనుమానానికి వేరే కారణం కూడా ఉంది. మా ఇంట్లో రెమింగ్టన్ 742 ఉండేది. దాని బోల్ట్ రిసీవర్ లోపలి పట్టాల మీద జారుతూ, కాలక్రమంలో ఆ పట్టాలను గాట్లు పడేలా అరగదీస్తుంది. పట్టాలు రిసీవర్‌లో భాగమే కాబట్టి అవి పాడైతే బాగుచేయడానికి ఏమీ మిగలదు. పాత సెమీ ఆటోమేటిక్ కొనేవారెవరైనా బోల్ట్ వెనక్కి లాగి, చిన్న లైటుతో ఆ పట్టాలను తప్పక చూడాలి.

పొరుగు రాష్ట్రాల్లో వేటకు వెళ్ళేవారు చట్టం కూడా చూసుకోవాలి. మా పెన్సిల్వేనియాలో 2016లో శాసనం మారి, 2017లో చిన్న జంతువుల వేటకు, బొచ్చు జంతువుల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను అనుమతించారు గాని జింకల వంటి పెద్ద జంతువుల వేటకు అనుమతించలేదు.

తుల్సా

742 విషయంలో మీరు చెప్పినది అక్షరాలా నిజం, ఆ రైఫిళ్ళను మేము తిప్పి పంపించవలసి వస్తూ ఉంటుంది. బి.ఎ.ఆర్.లో ఆ రకమైన అరుగుదల నేను చూడలేదు. బరువు విషయంలో మాత్రం నాది వేరే మాట. .30-06 పాత రకం దూరదర్శిని లేకుండా ఏడు పౌండ్లు దాటుతుంది. ఆ బరువు, వాయువు వ్యవస్థ రెండూ కలిసి భుజానికి తగిలే దెబ్బను మెత్తబరుస్తాయి. మంచెలో కూర్చుని వేటాడేవారికి ఉక్కు రిసీవర్ మేలు, నడిచేవారికి కొత్తది మేలు. ఆస్టిన్ గారు ఎక్కువగా మంచె మీదనే ఉంటారని ఇంతకుముందు వేరే చర్చలో రాసినట్టు గుర్తు.

కొత్తగా వచ్చినవాడు (డాలస్)

పెద్దలకు నమస్కారం. నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. టెక్సాస్‌లో ప్రైవేటు స్థలంలో, యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి లైసెన్సు అక్కరలేదని చదివాను. అలాగైతే నేను కూడా ఇలాంటి రైఫిల్ కొనుక్కోవచ్చా?

ఆస్టిన్ తెలుగువాడు

తమ్ముడూ, ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, మనవాళ్ళలో చాలామంది దీన్ని తేలికగా తీసుకుంటున్నారు. దయచేసి నిదానంగా చదవండి.

ఫెడరల్ చట్టంలోని 18వ టైటిల్ 922వ సెక్షన్ ప్రకారం, వలసేతర వీసా మీద వచ్చినవారు తుపాకీనిగాని తూటాలనుగాని కలిగి ఉండటమే సాధారణంగా నేరం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఆ కోవలోవే. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకు వర్తించేది, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. 2019 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు స్థలంలో పందులకు వేట లైసెన్సు అవసరం లేదన్న మాట నిజమే. అయితే అది రాష్ట్రపు వేట నియమం, ఫెడరల్ తుపాకీ చట్టాన్ని అది మార్చదు. పందుల కోసం లైసెన్సు అక్కరలేకపోయినా, తుపాకీ పట్టుకోవడానికి మీకు ఆ లైసెన్సు కావాలి. స్నేహితుడి రైఫిల్‌ను రేంజ్‌లో పది నిమిషాలు పట్టుకోవడం కూడా కలిగి ఉండటం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

కాబట్టి ముందు వేట శిక్షణ పూర్తిచేయండి. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి టెక్సాస్‌లో అది తప్పనిసరి. తరువాత లైసెన్సు తీసుకోండి, దాని గడువు తీరకుండా చూసుకోండి. కొనేటప్పుడు నింపే 4473 పత్రంలో మీ వీసా స్థితిని ఉన్నదున్నట్టు రాసి, లైసెన్సును చూపండి. ఆ పత్రంలో తప్పు సమాధానం ఇవ్వడం వేరే నేరం. వీసా జీవితం మొత్తం దీనిమీద ఆధారపడి ఉంది కనుక ఒక న్యాయవాదిని సంప్రదించడానికి అయ్యే ఖర్చును రైఫిల్ ధరలో భాగంగానే లెక్కవేసుకోండి.

మ్యూనిక్ మిత్రుడు (జర్మనీ)

ఇక్కడ అడవి పందులను జాగిలాలతో తరిమే వేటల్లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు బాగా కనిపిస్తాయి. అయితే 2016లో సవరించిన వేట చట్టం ప్రకారం ఛాంబర్‌తో (తూటా పేలే గదితో) కలిపి మూడు తూటాలకు మించి నింపకూడదు.

నేను వాడేది పాత హెక్లర్ అండ్ కోఖ్ 770. అది వాయువుతో కాక రోలర్లతో ఆలస్యం చేసే పద్ధతిలో పనిచేస్తుంది. ఛాంబర్ గోడల్లో గాడులు ఉంటాయి కాబట్టి ప్రతి ఖాళీ తూటా మీద నల్లని చారలు పడతాయి, అది ఎక్కడో దూరాన వెళ్ళి పడుతుంది. గురి అద్భుతంగా ఉంటుంది, కానీ విడిభాగాలు, మ్యాగజైన్లు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. ఖరీదైన రైఫిల్‌ను అంచనా వేసేటప్పుడు, ఇంకో ఇరవై ఏళ్ళకు దాని స్ప్రింగు ఎవరు అమ్ముతారు అన్న ప్రశ్న కూడా వేసుకోవాలని నా అనుభవం చెబుతోంది. ఆ లెక్కన బి.ఎ.ఆర్. చాలా మెరుగు. పాత రకానికి, మార్క్ 2కు మ్యాగజైన్లు వేర్వేరు కాబట్టి కొనేటప్పుడు ఏ రకమో చూసుకోండి.

హైదరాబాదు షూటర్

మన దేశంలో సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్ అన్నది సామాన్యుడికి అందని మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేటే లేదు, 2019 సవరణతో లైసెన్సు ఉన్నవారికి కూడా ఆయుధాల పరిమితి మూడు నుంచి రెండుకు తగ్గింది. నేను కాల్చేది .22 సింగిల్ షాట్ మ్యాచ్ రైఫిల్. అయినా పరీక్షా పద్ధతి గురించి ఒక మాట చెప్పదలిచాను.

మా క్రీడలో, ఒకే కంపెనీ, ఒకే రకం తూటా అయినా తయారీ విడత మారితే గురి మారుతుందని విడతల వారీగా పరీక్షించి, రైఫిల్‌కు నప్పిన విడతను ఎక్కువగా కొనిపెట్టుకుంటారు. వేట రైఫిల్ విషయంలో మాత్రం చాలామంది మూడు తూటాలు కాల్చి, అవి దగ్గరగా పడితే ఫొటో తీసి, అదే రైఫిల్ సామర్థ్యమని నమ్ముతున్నారు. మూడు తూటాల గ్రూప్ దాదాపు ఏమీ నిరూపించదు. అదే రైఫిల్ మరుసటి మూడింటిని రెట్టింపు దూరాన వేయగలదు. పది తూటాలను, బ్యారెల్ చల్లారనిస్తూ, ఒకే గురి మీద కాల్చి, వాటి మధ్యబిందువు నుంచి ఒక్కొక్క రంధ్రం సగటున ఎంత దూరంలో ఉందో కొలవండి. ఆ సంఖ్య అంత సులభంగా మోసం చేయదు.

తుల్సా

హైదరాబాదు గారు చెప్పిన దానికి వేట కోణం నుంచి ఇంకొకటి చేరుస్తాను. వేటలో నిజంగా లెక్కకు వచ్చేది చల్లని బ్యారెల్ నుంచి వెళ్ళే మొదటి తూటా. వేర్వేరు ఉదయాల్లో రైఫిల్‌ను బయటికి తీసి, ఒక్క తూటా కాల్చి, అదే కాగితాన్ని దాచుకుంటూ పోండి. ఆ మొదటి తూటాలన్నీ ఒకచోట చేరితే ఆ రైఫిల్‌ను నమ్మవచ్చు.

సెమీ ఆటోమేటిక్‌లో ఖాళీ తూటాలను కూడా ఏరుకుని చదవాలి. అన్నీ దాదాపు ఒకే దిక్కున, ఒకే దూరాన పడుతుంటే వాయువు వ్యవస్థ నిలకడగా ఉన్నట్టు. అంచు వంగినా, చిరిగినట్టు గీరుకుపోయినా బోల్ట్ అతి వేగంగా తెరుచుకుంటోందని గాని, ఛాంబర్ మురికిగా ఉందని గాని అనుమానించాలి. ఇంట్లో తూటాలు తయారు చేసుకునేవారు కేసును (తూటా గుల్లను) పూర్తి పొడవునా కొలతకు నొక్కాలి. బోల్ట్ యాక్షన్‌లో చేతి బలంతో మూయగలిగిన బిగుతు తూటాను ఇందులో స్ప్రింగు మూయలేదు.

ఆస్టిన్ తెలుగువాడు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటివరకు తేలినవి రాస్తున్నాను.

దుకాణదారు ముందు కొయ్య విప్పడానికి ఒప్పుకున్నాడు. పిస్టన్ మీద మసి మందంగానే ఉంది, కడ్డీలు తిన్నగా ఉన్నాయి, బ్యారెల్ అడుగు శుభ్రంగా ఉంది. స్టాక్ చివరి పలక మరలు తళతళలాడుతూ బయటికి వచ్చాయి. సీరియల్ సంఖ్యలో ఆర్, పి అక్షరాలు ఉన్నాయి, అంటే 1978 నాటిది. ముందు కొయ్య కొసన గోటితో తడిమితే తప్ప తెలియని సన్నని బీట ఒకటి ఉంది. దాన్ని చూపి ధరను 1,100 డాలర్లకు తగ్గించుకుని కొన్నాను. మా ఊరి మరమ్మతుదారు ఛాంబర్ కొలత సరిచూసి, ఆ బీటకు లోపలినుంచి జిగురు పట్టించి ఇచ్చాడు.

100 గజాల దగ్గర కర్మాగారపు తూటాలు మూడు రకాలు కాల్చాను. 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు రెండున్నర అంగుళాల్లో చెదిరింది. 165 కొంత నయం. 180 గ్రెయిన్ల రకం మాత్రం పది తూటాలనూ అంగుళం ముప్పావులో పెట్టింది. ట్రిగ్గర్ నాకు బరువుగా అనిపించింది, నొక్కుతుంటే మధ్యలో ఈడ్చినట్టు ఉంటుంది. బోల్ట్ యాక్షన్ ట్రిగ్గర్‌కు అలవాటుపడిన వేలికి ఇది కొంతకాలం ఇబ్బందే. కానీ రెండో తూటాకు చెంప స్టాక్ మీదనుంచి కదల్చనక్కరలేకపోవడం, దూరదర్శినిలో లక్ష్యం తప్పిపోకపోవడం నేను ఆశించినదానికంటే గొప్పగా ఉన్నాయి.

ఒక సందేహం మిగిలింది. వెంటవెంటనే కాల్చితే నాలుగో తూటా నుంచి గుండ్లు నిలువుగా పైకి పాకుతున్నాయి. ఇది లోపమా?

తుల్సా

లోపం అనలేను. సన్నని వేట బ్యారెల్ వేడెక్కితే ముందు కొయ్యతో దాని ఒత్తిడి మారుతుంది, గుండ్లు నిలువుగా సాగుతాయి. ముందు కొయ్య మరను ప్రతిసారీ ఒకే బిగువుకు తిప్పండి, అతిగా బిగిస్తే ఆ బీట మళ్ళీ విచ్చుకుంటుంది. కొయ్య లోపల బ్యారెల్ రాసుకున్న మెరుపు మచ్చ ఉందేమో చూసి, ఉంటే మరమ్మతుదారుకు చూపండి. మీరు వేటలో వరుసగా నాలుగు తూటాలు కాల్చే సందర్భం అరుదు కాబట్టి గురిని చల్లని బ్యారెల్‌కే సరిచేసి ఉంచండి. ట్రిగ్గర్‌ను మీరు స్వయంగా ముట్టుకోవద్దు. ఆ పని ఈ రైఫిల్ తెలిసినవారే చేయాలి.

పెన్సిల్వేనియా అడవి

అంగుళం ముప్పావులో పది తూటాలంటే వేట రైఫిల్‌కు మంచి ఫలితమే, అభినందనలు. మనుబోతుకు 180 గ్రెయిన్ల గుండు సరైనదేనా?

ఆస్టిన్ తెలుగువాడు

దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ ప్రాంతంలో వేటాడేవారు ఆ బరువునే, చెదరకుండా లోతుగా దిగే గట్టి గుండులో ఎంచుకోమంటున్నారు. మన దేశం నుంచి గత శతాబ్దపు తొలి సగంలో అక్కడికి తెచ్చిన మనుబోతులు ఇప్పుడు స్వేచ్ఛగా పెరుగుతున్నాయి. వాటి తోలు మందం, ఎముక గట్టిదనం తెల్లతోక జింకతో పోల్చదగినవి కావు. చుక్కల దుప్పి, కృష్ణజింకల మాదిరిగానే వాటికీ టెక్సాస్‌లో వేట కాలపు పరిమితి లేదు, లైసెన్సు మాత్రం ఉండాలి.

తుల్సా

ఆ వేటకు వెళ్ళేముందు ఒక అలవాటు వేళ్ళకు నేర్పించండి. బోల్ట్ యాక్షన్‌లో కాల్చాక మీరు చేత్తో తిప్పేదాకా ఛాంబర్ ఖాళీ తూటాతోనే ఉంటుంది. ఇందులో తూటా పేలిన మరుక్షణమే ఇంకొకటి ఛాంబర్‌లోకి చేరి, ట్రిగ్గర్ సిద్ధమై ఉంటుంది. జంతువు పడగానే ఉత్సాహంతో లేచి పరిగెత్తేవారిని చూశాను. గుండు వెళ్ళాక వేలు ట్రిగ్గర్ మీదనుంచి తీసి, సేఫ్టీ వేసి, ఆ తరువాతే తల ఎత్తాలి. జంతువు దగ్గరికి చేరి, అది లేవదని తేలాక, మ్యాగజైన్ పలక తెరిచి తూటాలు తీసి, బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌లోనిదాన్ని కూడా తీసి, వేలితో తడిమి చూడండి. ఇంట్లో పిల్లలు ఉంటే బీరువా తాళం సంగతి కూడా చెప్పాలి. పదిహేడేళ్ళలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేయడం టెక్సాస్‌లో శిక్షార్హమైన నేరం. రైఫిల్ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉంచండి.